నైట్రేట్ నుంచి అమ్మోనియా: లోహం కంటే ముందు నీళ్ళు తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖలో కెమిస్ట్రీ పీహెచ్‌డీలో కొత్తగా చేరారు. నైట్రేట్‌ని కరెంటుతో అమ్మోనియాగా మార్చే ఎలక్ట్రోక్యాటలిస్ట్ (ఎలక్ట్రోడు మీద ఆ మార్పుని తొందర చేసే పదార్థం) తయారు చెయ్యమని మీ గైడ్ గారు చెప్పారు. ల్యాబ్‌లో ఉన్నవి ఒక పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడు వోల్టేజీని అదుపులో పెట్టే పరికరం), ఒక యూవీ-విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటర్, ఒక ఫర్నేస్. పేపర్లు తిరగేస్తే అందరికీ 95 శాతం ఫారడే ఎఫిషియెన్సీ (పంపిన కరెంటులో అమ్మోనియా చెయ్యడానికి పనికొచ్చిన వాటా) కనబడుతోంది. "రాగి, కోబాల్ట్, రుథీనియం, సింగిల్ ఆటమ్... వీటిలో ఏది పట్టుకోవాలి సర్? ఇంతమంది చేసేశాక నాకు మిగిలింది ఏముంది? చాలా టెన్షన్‌గా ఉంది" అని రాశారు.

టెన్షన్ పడకండి. మిగిలింది చాలా ఉంది. నేను పన్నెండేళ్ళుగా ఎలక్ట్రోకెమిస్ట్రీలో ఉన్నాను, చివరి ఆరేళ్ళూ నైట్రేట్ పనే. ఈ విషయం మీద నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, కాబట్టి జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది.

ముందు అసలు మాట చెప్పేస్తాను. ఏ లోహం అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న ఏ నీళ్ళు అన్నది. నైట్రేట్ ఎక్కడిది, ఎంత గాఢతలో ఉంది, పీహెచ్ ఎంత, దానితోపాటు ఇంకేం కలిసి ఉన్నాయి? ఇవి తేలితే లోహాల జాబితా దానంతట అదే సగానికి తగ్గిపోతుంది. ఇవి తేల్చుకోకుండా మొదలుపెట్టి, మూడో ఏడాదికి బోలెడు డేటాతో, ఏ నీళ్ళకీ పనికిరాని ఎలక్ట్రోడుతో నిలబడ్డ పిల్లల్ని చూశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మన తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు లీటరుకి 45 మిల్లీగ్రాముల నైట్రేట్. అంటే దాదాపు 0.73 మిల్లీమోలార్. పేపర్లలో ఎక్కువమంది వాడేది 0.1 మోలార్, అంటే దానికి 130 రెట్లకు పైనే. ఇప్పుడు ఆ 45 మిల్లీగ్రాముల నీళ్ళు 30 మిల్లీలీటర్లు సెల్‌లో పోసి 100 మిల్లీఆంపియర్లు పంపారనుకోండి. ఒక్కో నైట్రేట్‌కి 8 ఎలక్ట్రాన్లు కావాలి. అందులో ఉన్న నైట్రేట్ అంతా అమ్మోనియా కావడానికి పట్టే చార్జ్ సుమారు 17 కూలంబులు. కాగితం మీద మూడు నిమిషాలలోపే అంతా అయిపోవాలి.

నిజంలో అలా జరగదు. నైట్రేట్ నీళ్ళలోంచి ఈదుకుంటూ ఎలక్ట్రోడు దాకా రావాలి కదా. మామూలుగా స్టిర్రర్ తిరుగుతున్న సెల్‌లో ఎలక్ట్రోడు పక్కన 50 మైక్రాన్ల మందంలో కదలని పొర ఉంటుందనుకుంటే, ఆ గాఢతలో నైట్రేట్ మొయ్యగలిగిన కరెంటు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీఆంపియర్లు మాత్రమే. ఒక చదరపు సెంటీమీటరు ఎలక్ట్రోడుకి మీరు బలవంతంగా 100 పంపితే మిగతా 98 హైడ్రోజన్ బుడగలకి పోతుంది. "నా క్యాటలిస్ట్ ఎఫిషియెన్సీ 2 శాతమే" అని అప్పుడు రాగిని తిట్టుకుంటే అన్యాయం. ఆ నీళ్ళలో రుథీనియం పెట్టినా, ప్లాటినం పెట్టినా అంతే. అదే 0.1 మోలార్‌లో ఈ హద్దు 290 మిల్లీఆంపియర్ల దగ్గర ఉంటుంది. అక్కడ మాత్రం లోహం నాణ్యత నిజంగా కనబడుతుంది.

కాబట్టి పల్చటి నీళ్ళు మీ లక్ష్యమైతే మీ డిజైన్ సమస్య లోహం కాదు. నీళ్ళు లోపలికి పారే చిల్లుల ఎలక్ట్రోడు, ఫ్లో సెల్, లేదా ముందుగా నైట్రేట్‌ని అయాన్ ఎక్స్ఛేంజ్‌తోనో ఎలక్ట్రోడయాలిసిస్‌తోనో చిక్కబరచడం. చిక్కటి నీళ్ళు ఎక్కడుంటాయి? స్టెయిన్‌లెస్ స్టీలుని నైట్రిక్ ఆమ్లంతో శుభ్రం చేసే పికిలింగ్ వ్యర్థాల్లో, అణు ఇంధనం శుద్ధి చేసే చోట, నైట్రేట్ తీసే రెజిన్‌ని ఉప్పునీళ్ళతో కడిగినప్పుడు వచ్చే బ్రైన్‌లో. మొదటిది ఆమ్లం, మూడోది క్లోరైడ్‌తో నిండిన దాదాపు తటస్థ ద్రవం. రాగి ఒక దాంట్లో కరిగిపోతుంది, ఇంకోదాంట్లో నిలుస్తుంది. నీళ్ళు ముందు అని ఇందుకే అంటున్నాను.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే మనసులో పెట్టుకోండి. సీసాలో వచ్చే పొటాషియం నైట్రేట్ ఎక్కడినుంచి వచ్చింది? నైట్రిక్ ఆమ్లం నుంచి. ఆ ఆమ్లం ఎక్కడిది? ఆస్ట్వాల్డ్ పద్ధతిలో ప్లాటినం-రోడియం జాలీ మీద అమ్మోనియాని కాల్చి తీసింది. అంటే అమ్మోనియా నుంచి చేసిన నైట్రేట్‌ని కొని మళ్ళీ అమ్మోనియా చేస్తున్నాం. ల్యాబ్‌లో నేర్చుకోవడానికి తప్పులేదు. కానీ దీన్ని "హేబర్-బాష్‌కి ప్రత్యామ్నాయం" అని థీసిస్ మొదటి పేజీలో రాయకండి. 400 నుంచి 500 డిగ్రీల వేడిలో, 150 వాతావరణ పీడనాలకి పైన, గాలిలోని నైట్రోజన్‌ని హైడ్రోజన్‌తో కలిపి నడిచే ఆ హేబర్-బాష్ ఫ్యాక్టరీలు ప్రపంచానికి ఏటా 18 కోట్ల టన్నుల దాకా అమ్మోనియా ఇస్తున్నాయి. మంచి ఫ్యాక్టరీ కిలోకి 8 నుంచి 10 యూనిట్లకి సమానమైన శక్తి ఖర్చు పెడుతుంది. మన సెల్ 2 వోల్టుల మీద, 90 శాతం ఎఫిషియెన్సీతో నడిచినా కిలోకి 28 యూనిట్లు పడుతుంది.

మరి ఎందుకు చెయ్యాలి? పారబోస్తున్న నైట్రేట్‌ని తిరిగి పట్టుకోవడానికి. నైట్రేట్‌ని నీళ్ళలోంచి తియ్యడం ఎలాగూ చెయ్యాల్సిన పని, దానికి ఎలాగూ ఖర్చవుతుంది. సూక్ష్మజీవులతో శుద్ధి చేస్తే అది నైట్రోజన్ వాయువై గాలిలో కలిసిపోతుంది, అంత శక్తి పోసి కట్టిన నత్రజని చేజారిపోతుంది. మనం దాన్ని ఎరువుగా వెనక్కి తెస్తాం. మన ఊళ్ళో ఈ విలువ ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. శ్రీహరిపురంలో కోరమాండల్ ఎరువుల ఫ్యాక్టరీకి అమ్మోనియా ఓడల్లో వచ్చి దిగుతుంది. స్టీల్ ప్లాంట్‌లో కోక్ ఓవెన్ల వాయువులోంచి అమ్మోనియాని పట్టి అమ్మోనియం సల్ఫేట్‌గా అమ్ముతారు. ఆ బస్తాలు చల్లే రైతులు మన చుట్టూ ఉన్నారు. మీ సెల్ చివర్లో రావలసినది కూడా ఆ తెల్లటి ఉప్పే. దీని మీద నాకు నమ్మకం ఉంది, అందుకే ఈ పనిలో ఉన్నాను.

ఇక లోహాల దగ్గరికి వద్దాం.

నైట్రోజన్ వాయువుతో పోలిస్తే నైట్రేట్ మెత్తటిది. నైట్రోజన్‌లో మూడు బంధాలు తెంచడానికి మోల్‌కి 941 కిలోజౌళ్ళు కావాలి. నైట్రేట్‌లో నత్రజని-ఆక్సిజన్ బంధానికి 204 చాలు. రియాక్షన్ సమతాస్థితి పొటెన్షియల్ ఆర్‌హెచ్‌ఈ (రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడు, ఆ పీహెచ్‌లో హైడ్రోజన్ పుట్టే పొటెన్షియల్‌ని సున్నాగా తీసుకునే కొలబద్ద) మీద సుమారు 0.69 వోల్టులు, అంటే హైడ్రోజన్ కంటే చాలా ముందే అమ్మోనియా రావాలి. అయినా రాదు. ఎందుకంటే నైట్రేట్ అయాన్ బల్లపరుపుగా, త్రికోణంలా, అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. లోహానికి పట్టు దొరకదు. మొదటి ఆక్సిజన్‌ని ఊడదీసి నైట్రైట్‌గా చెయ్యడమే చాలా లోహాల మీద అన్నిటికంటే నెమ్మదైన అడుగు.

రాగి ఇక్కడ గెలుస్తుంది. రాగి డీ-ఆర్బిటాళ్ళ శక్తి, నైట్రేట్‌లో ఖాళీగా ఉన్న పై-స్టార్ ఆర్బిటాల్ శక్తి దగ్గర దగ్గరగా ఉంటాయి, కాబట్టి ఎలక్ట్రాన్ సులువుగా చేతులు మారుతుంది. మొదటి రెండు ఎలక్ట్రాన్లూ ఇచ్చి నైట్రైట్ చెయ్యడంలో చవక లోహాల్లో రాగికి సాటి లేదు. కానీ తర్వాతి ఆరు ఎలక్ట్రాన్లకి పక్కనే హైడ్రోజన్ పరమాణువులు సిద్ధంగా ఉండాలి, అవి నీటి అణువుని విడగొడితే వస్తాయి. ఆ పనిలో రాగి మందకొడి. ఫలితంగా తక్కువ ఓవర్‌పొటెన్షియల్ (సమతాస్థితికి మించి పెట్టే అదనపు వోల్టేజీ) దగ్గర నైట్రైట్ పేరుకుపోయి ద్రవంలోకి జారుకుంటుంది.

స్లాబు వేసే రోజు కూలీలు వరసగా నిలబడి గమేళాలు అందించుకుంటారు చూడండి. కింద ఉన్నవాడు చకచకా నింపి ఇస్తున్నాడు, రెండోవాడి చెయ్యి నెమ్మది. గమేళాలు అతని దగ్గరే ఆగిపోతాయి, కాంక్రీటు ఒలికిపోతుంది. రాగి ఒక్కదాన్నే పెడితే జరిగేది అదే. ఒలికిపోయే నైట్రైట్ మామూలు సరుకు కాదు, పసిపిల్లల రక్తంలో ఆక్సిజన్ మొయ్యకుండా చేసే విషం. తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నైట్రేట్‌కి 50 మిల్లీగ్రాములు ఒప్పుకుంటే నైట్రైట్‌కి 3 మాత్రమే ఒప్పుకుంటుంది. నైట్రేట్ తీసేసి నైట్రైట్ మిగిల్చే సెల్, నీళ్ళని మునుపటికంటే పాడుచేసినట్టే.

అందుకే రెండో చెయ్యి కావాలి. నీటిని విడగొట్టగలిగే, నైట్రైట్‌ని పట్టుకోగలిగే లోహం: కోబాల్ట్, నికెల్, ఇనుము, రుథీనియం. 2020లో టొరంటోలో సార్జెంట్ బృందం రాగి-నికెల్ సగం సగం మిశ్రమం చేసి, ఆర్‌హెచ్‌ఈ మీద 0 వోల్టుల దగ్గర ఉత్త రాగి కంటే ఆరు రెట్ల చురుకుదనం చూపించింది. 2022లో బోకుమ్‌లో షూమాన్ బృందం రాగి దశ, కోబాల్ట్ దశ పక్కపక్కనే ఉండేలా చేసి, రాగి వదిలిన నైట్రైట్‌ని కోబాల్ట్ అందుకునేలా నడిపింది. అదే ఏడాది రైస్ యూనివర్సిటీలో హావోటియన్ వాంగ్ బృందం రాగి నానోవైర్ల మీద రుథీనియం చల్లి, చదరపు సెంటీమీటరుకి ఒక ఆంపియర్ దగ్గర 93 శాతం ఎఫిషియెన్సీ తెచ్చింది. ఈ మూడూ ఒకే ఆలోచనకి మూడు రూపాలని గమనించండి. లోహం పేరు వేరు, చేతులు మార్చే ఏర్పాటు ఒకటే.

ఇందులో ఒక ఇరుకు ఉంది. డిజైన్ అంతా ఆ ఇరుకులోనే జరుగుతుంది. రెండో లోహం తక్కువైతే నైట్రైట్ ఒలుకుతుంది. ఎక్కువైతే హైడ్రోజన్ పరమాణువులు నైట్రైట్ కోసం ఆగవు, రెండు రెండు జతకట్టి వాయువై ఎగిరిపోతాయి. పైగా ఆ లోహం రాగి కూర్చోవలసిన చోటుని ఆక్రమిస్తుంది. మీరు మార్చవలసినది ఈ నిష్పత్తి, ఈ దూరం. వాటిని మారుస్తూ నైట్రైట్, అమ్మోనియా, హైడ్రోజన్ మూడూ ఎలా కదులుతున్నాయో చూడాలి.

సింగిల్ ఆటమ్ క్యాటలిస్టుల గురించి అడిగారు, అంటే నత్రజని కలిపిన కార్బన్ మీద లోహం ఒక్కో పరమాణువుగా విడివిడిగా కూర్చునేవి. 2021లో ఒంటరి ఇనుము పరమాణువుల మీద వచ్చిన పని ఆలోచన పరంగా నాకు బాగా నచ్చింది. రెండు నత్రజనులు పక్కపక్కన కూర్చుంటే జతకట్టి నైట్రోజన్ వాయువు అయ్యే ప్రమాదం ఉంది, పరమాణువు ఒంటరిగా ఉంటే ఆ అవకాశం తగ్గుతుంది. కానీ మీ ల్యాబ్‌లో ఉన్న సామానుతో అది నిజంగా సింగిల్ ఆటమ్ అని నిరూపించలేరు. దానికి సింక్రోట్రాన్ ఎక్స్-రే, అబెరేషన్ కరెక్టెడ్ మైక్రోస్కోప్ కావాలి. పైగా ఆ కార్బన్‌లో నత్రజని దండిగా ఉంటుంది. అమ్మోనియా కొలిచే పనిలో కొత్తవాళ్ళు నత్రజని నిండిన ఎలక్ట్రోడుతో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు.

డీఎఫ్‌టీ (క్వాంటమ్ సిద్ధాంతంతో కంప్యూటర్ మీద చేసే) లెక్కల గురించి రెండే మాటలు. 2019లో మిషిగన్‌లో గోల్డ్‌స్మిత్, సింగ్ బృందాలు నత్రజని, ఆక్సిజన్ పరమాణువులు లోహానికి ఎంత గట్టిగా అంటుకుంటాయన్న రెండు విలువలతో మొత్తం నైట్రేట్ చురుకుదనానికి వోల్కనో మ్యాప్ (మరీ గట్టిగానూ మరీ వదులుగానూ కాకుండా అంటుకునే లోహాలు శిఖరం మీదకొచ్చే పటం) గీశాయి. అది చదవండి. కానీ నైట్రేట్ చార్జ్ ఉన్న అయాన్, నేరుగా లెక్కించడం కష్టం, చాలామంది నైట్రిక్ ఆమ్లం వాయువు మీదుగా చుట్టు తిరిగి వెళ్తారు. ఆ మ్యాప్‌ని పనికిరాని లోహాల్ని పక్కన పెట్టడానికి వాడండి, పనికొచ్చేది ఎంచడానికి మాత్రం ల్యాబ్‌లోకే వెళ్ళండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన భాగం: కొలవడం. 2019లో డెన్మార్క్‌లో చోర్కెన్‌డార్ఫ్ బృందం నేచర్ పత్రికలో నైట్రోజన్ వాయువు నుంచి అమ్మోనియా చేశామన్న ఫలితాల్ని ఎలా పరీక్షించాలో ఒక పద్ధతి ఇచ్చింది. గాలిలోంచి, గ్యాస్ సిలిండర్‌లోంచి, క్యాటలిస్ట్‌లోంచి వచ్చిన అమ్మోనియాని చాలామంది తమ సెల్ చేసిందనుకున్నారని ఆ రంగం మొత్తానికి తెలిసొచ్చింది. నైట్రేట్‌లో అమ్మోనియా దండిగా వస్తుంది కాబట్టి మనకా ప్రమాదం లేదని అనుకుంటారు. ఉంది. నా కళ్ళముందే జరిగింది చెబుతాను.

మా దగ్గర ఒక అమ్మాయి రాగి ఫోమ్ మీద కాపర్ హైడ్రాక్సైడ్ నానోవైర్లు పెంచేది. అందరూ చేసే పద్ధతే: ఫోమ్‌ని సోడియం హైడ్రాక్సైడ్, అమ్మోనియం పర్‌సల్ఫేట్ కలిపిన ద్రావణంలో ముంచితే పావుగంటలో ఎర్రటి ఫోమ్ మీద నీలం రంగు నూగు మొలుస్తుంది. చూడటానికి చాలా అందంగా ఉంటుంది. దాన్ని ఒకసారి నీళ్ళలో ముంచి తీసి, తడి ఆరకముందే సెల్‌లో పెట్టి, 5 మిల్లీఆంపియర్ల మీద పావుగంట నడిపింది. ఫారడే ఎఫిషియెన్సీ 112 శాతం! నాలుగు రోజులు పొటెన్షియోస్టాట్ క్యాలిబ్రేషన్‌ని, క్యువెట్‌ని అనుమానించాం. ఐదో రోజు లెక్క వేసి చూశాం. 5 మిల్లీఆంపియర్ల మీద పావుగంటలో రాగలిగిన అమ్మోనియా గరిష్ఠంగా 6 మైక్రోమోళ్ళు. ఫోమ్ చిల్లుల్లో 50 మైక్రోలీటర్ల పర్‌సల్ఫేట్ ద్రావణం మిగిలినా, దానిలోని అమ్మోనియం ఒక్కటే 13 మైక్రోమోళ్ళు. ఎలక్ట్రోడుని తయారుచేసిన ద్రావణమే అమ్మోనియా ఇచ్చింది. ఆ తప్పు నాది కూడా, కడిగిన నీళ్ళని పరీక్షించమని నేను ముందే చెప్పి ఉండాల్సింది. అప్పటినుంచి కడిగిన నీళ్ళలో ఇండోఫినాల్ రంగు (అమ్మోనియా ఉంటే వచ్చే నీలం) రాకుండా పోయేదాకా కడుగుతాం.

కాబట్టి ప్రతి కొత్త ఎలక్ట్రోడుకీ మూడు పరీక్షలు తప్పవు: నైట్రేట్ లేని ద్రావణంలో అదే కరెంటు, నైట్రేట్ ఉన్న ద్రావణంలో కరెంటు లేకుండా అంతే సేపు, ఆ తర్వాతే అసలు ప్రయోగం. చివరికి ఒక్కసారైనా నైట్రోజన్-15 ఉన్న నైట్రేట్‌తో నడిపి, ద్రవాన్ని ఆమ్లం చేసి ఎన్ఎంఆర్ తీయించండి. మామూలు అమ్మోనియం మూడు గీతలుగా, నైట్రోజన్-15 అమ్మోనియం రెండు గీతలుగా కనబడుతుంది. ఎన్ఎంఆర్ మీ దగ్గర లేకపోతే ఊళ్ళో ఉన్న యూనివర్సిటీల్లో అడిగి తీయించుకోండి, ఒక్క శాంపిల్‌కి ఎవరూ కాదనరు.

రోజువారీ పనికి మీ యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. అమ్మోనియాకి ఇండోఫినాల్ నీలం, 655 నానోమీటర్ల దగ్గర. నైట్రైట్‌కి గ్రీస్ రియేజెంట్ గులాబీ రంగు, 540 దగ్గర. నైట్రేట్‌కి 220 దగ్గర కొలిచి, అందులోంచి 275 దగ్గరి విలువకి రెట్టింపు తీసెయ్యాలి, ముందుగా సల్ఫామిక్ ఆమ్లంతో నైట్రైట్‌ని చంపాలి. ఇండోఫినాల్ పీహెచ్‌కి చాలా సున్నితం, కాబట్టి క్యాలిబ్రేషన్ గీతని నీళ్ళలో కాకుండా మీరు వాడే ఎలక్ట్రోలైట్‌లోనే గీయండి. రంగు బాగా ముదిరితే రంగొచ్చాక నీళ్ళు కలపకండి, శాంపిల్‌నే ముందు పల్చబరిచి మళ్ళీ రంగు తెప్పించండి.

ఫలితం నమ్మదగినదా అని చూసుకోవడానికి ఒక నమూనా లెక్క: 100 మిల్లీఆంపియర్లు, ఒక గంట, 90 శాతం ఎఫిషియెన్సీ. 360 కూలంబులు పోయాయి, వచ్చిన అమ్మోనియా 0.42 మిల్లీమోళ్ళు, అంటే దాదాపు 7 మిల్లీగ్రాములు. 30 మిల్లీలీటర్లలో అది 14 మిల్లీమోలార్. ఈ సంఖ్య మీ నోట్‌బుక్ అట్ట మీద రాసుకోండి. మీ అంకె దీనికి పదిరెట్లు వచ్చిందంటే ఎక్కడో పల్చబరచిన లెక్క తప్పింది.

తర్వాత నత్రజని జమాఖర్చు చూడండి. పోయిన నైట్రేట్ ఎంత, వచ్చిన నైట్రైట్, అమ్మోనియా ఎంత? రెండూ కలవకపోతే మిగతాది వాయువుగా పోయిందని రాసేస్తుంటారు. రాసేముందు రెండు చోట్ల వెతకండి. ఒకటి గాలిలో: అమ్మోనియం పీకేఏ (సగం అమ్మోనియం, సగం అమ్మోనియాగా ఉండే పీహెచ్) 9.25, అంతకంటే క్షారంలో అది ఎక్కువగా ఎగిరిపోగల అమ్మోనియా రూపంలోనే ఉంటుంది. పొటాషియం హైడ్రాక్సైడ్‌లో పని చేస్తూ ఆర్గాన్ పంపుతుంటే ఎగిరిపోతూనే ఉంటుంది. మే నెలలో ఏసీ లేని ల్యాబ్‌లో మన ఉక్కపోతకి ఇంకా తొందరగా పోతుంది. గ్యాస్ బయటికెళ్ళే గొట్టాన్ని పల్చటి సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచండి, అదీ కొలవండి. రెండోది మెంబ్రేన్ (కాథోడ్, ఆనోడు వైపు ద్రవాల్ని విడదీసే పొర) అవతల: అమ్మోనియం నాఫియాన్ మెంబ్రేన్‌లోంచి పొటాషియం లాగే హాయిగా దాటిపోతుంది. ఆనోడు వైపు ద్రవాన్ని కూడా పరీక్షించాలి.

తటస్థ సోడియం సల్ఫేట్‌లో పని చేసేవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది. ఒక్కో నైట్రేట్ అమ్మోనియా అయినప్పుడు 9 హైడ్రాక్సైడ్‌లు పుడతాయి. బఫర్ లేకపోతే ఉదయం 7 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 11 దాటుతుంది. నాలుగు పీహెచ్ యూనిట్లంటే ఆర్‌హెచ్‌ఈ లెక్కలో సుమారు 0.24 వోల్టుల తేడా. మొదట కొలిచిన పీహెచ్ పట్టుకుని చివరిదాకా లెక్కేస్తే మీ పొటెన్షియల్స్ అన్నీ అబద్ధమవుతాయి. ముందూ వెనకా రెండుసార్లూ పీహెచ్ కొలవండి.

ఇక ఎలక్ట్రోడు మన్నిక. మీరు పెట్టిన క్యాటలిస్ట్, పని చేసే క్యాటలిస్ట్ ఒకటే అనుకోకండి. కాపర్ ఆక్సైడ్ నానోవైర్లు పెడతారు, ఆ పొటెన్షియల్ దగ్గర అవి కొద్దిసేపట్లోనే రాగిగా మారడం మొదలుపెడతాయి. "ఆక్సైడ్ వల్లే ఇంత చురుకుదనం" అని రాసేముందు ప్రయోగం తర్వాత ఎక్స్-రే తీసి చూడండి. గరుకుదనం పెరిగినందుకే కరెంటు పెరిగి ఉండవచ్చు. అందుకే డబుల్ లేయర్ కెపాసిటెన్స్‌తో అసలు ఉపరితలం ఎంతో కొలిచి, ఉత్త రాగి రేకుతో పోల్చి చెప్పాలి. పోలిక లేని 95 శాతం నాకు ఏమీ చెప్పదు.

రాగి గురించి ఇంకొకటి, ఇది కళ్ళారా చూస్తే గానీ నమ్మరు. ఒక సాయంత్రం సెల్ నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ పట్టలేదు. గంట తర్వాత వచ్చి చూస్తే నీళ్ళలా ఉండాల్సిన ద్రవం లేత నీలం రంగులో ఉంది. నెగటివ్ పొటెన్షియల్ కింద ఉన్నంతసేపే రాగికి రక్షణ. అది పోగానే, సెల్ చేసిన అమ్మోనియా, గాలిలోని ఆక్సిజన్ కలిసి రాగిని కరిగించి అమ్మోనియా కాంప్లెక్స్‌గా లాక్కుపోతాయి. తన సరుకే తనని తినేస్తుంది. కరెంటు వచ్చాక ఆ రాగి మళ్ళీ ఎలక్ట్రోడు మీద వేరే ఆకారంలో పేరుకుంటుంది. ప్రయోగం అయ్యాక ముందు ఎలక్ట్రోడుని బయటికి తీసి, ఆ తర్వాతే స్విచ్ కట్టెయ్యండి. ఏ ఫ్యాక్టరీలోనైనా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. సోలార్‌తో నడిపితే రోజూ సాయంత్రం పోతుంది. ఆగి మళ్ళీ మొదలైనా చెక్కుచెదరని రాగి ఎలక్ట్రోడు చెయ్యగలిగితే, అదొక్కటే మంచి థీసిస్.

మన నీళ్ళ సంగతి చెప్పి ముగింపుకి వస్తాను. నేను ఒకసారి గాజువాకలో మా బోరు నీళ్ళు పట్టి, నైట్రేట్ కలిపి, రాగి ఫోమ్‌తో నడిపాను. మూడు గంటలకే ఫోమ్ మీద తెల్లటి పెచ్చు కట్టింది, గీజర్ కాయిల్ మీద కట్టే లాంటిదే. కాథోడ్ పక్కన పీహెచ్ పెరగడంతో నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్, హైడ్రాక్సైడ్‌లై అక్కడే పేరుకున్నాయి. కరెంటు సగానికి పడిపోయింది. శుద్ధమైన పొటాషియం నైట్రేట్‌లో వంద గంటలు నడిచిన ఎలక్ట్రోడు అది. సముద్రం పక్కన బోర్లలో క్లోరైడ్ కూడా ఎక్కువ. మెంబ్రేన్ లేని సెల్ అయితే ఆనోడు దగ్గర ఆ క్లోరైడ్ క్లోరిన్ అవుతుంది, క్లోరిన్ వచ్చి మీ అమ్మోనియాని నైట్రోజన్ వాయువుగా మార్చేస్తుంది. ఎఫిషియెన్సీ తగ్గితే తప్పు కాథోడ్‌ది కాకపోవచ్చు. అలాగే మెంబ్రేన్ లేకుండా ప్లాటినం ఆనోడు పెట్టకండి, అది కొద్దికొద్దిగా కరిగి మీ రాగి మీదకి చేరి మీ ఫలితాల్లో తలదూరుస్తుంది.

మీకు ఏం మిగిలిందని అడిగారు కదా. నేనే మీ స్థానంలో ఉంటే రెజిన్ కడిగిన బ్రైన్‌ని ఎంచుకుంటాను: దాదాపు తటస్థం, ఉప్పు ఎక్కువ, నైట్రేట్ కొన్ని పదుల మిల్లీమోలార్. ఆమ్ల వ్యర్థాలైతే రాగి, కోబాల్ట్ నిలవవు, 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు చూపినట్టు టైటానియం వైపు వెళ్ళాలి, అది వేరే కథ. బ్రైన్‌కి రాగి-కోబాల్ట్‌తో మొదలుపెడతాను. రుథీనియం ఖరీదు మీ గ్రాంటుకి సరిపోదు. ఇనుము చవక గానీ ఆ ఉప్పునీళ్ళలో కరెంటు ఆగిన గంటలో తుప్పు పడుతుంది. కోబాల్ట్ కూడా కరగవచ్చు, కాబట్టి ద్రవంలో కోబాల్ట్ ఎంత ఉందో అటామిక్ అబ్సార్ప్షన్‌తో తప్పనిసరిగా చూడండి. తయారీకి ఎలక్ట్రోడిపాజిషన్ పెట్టుకోండి, పొటెన్షియోస్టాట్ ఉంది కదా, ఫర్నేస్ కూడా అక్కర్లేదు. సల్ఫేట్ ఉప్పులు మాత్రమే వాడండి. నైట్రేట్ ఉప్పులూ అమ్మోనియం ఉప్పులూ తయారీ బల్ల మీదకే రానివ్వకండి.

కానీ కోబాల్ట్ ఇప్పుడే కొనకండి. మొదటి నెల ఉత్త రాగి రేకుతోనే పని చెయ్యండి. 50 మిల్లీమోలార్ నైట్రేట్, ముందు సోడియం సల్ఫేట్‌లో, తర్వాత అంతే గాఢత ఉప్పునీళ్ళలో. మెంబ్రేన్ పెట్టిన హెచ్-సెల్ (రెండు గదుల సెల్), ఆర్‌హెచ్‌ఈ మీద మైనస్ 0.1 నుంచి మైనస్ 0.7 దాకా ఐదారు పొటెన్షియల్స్, ఒక్కోటి మూడేసి సార్లు. ప్రతిసారీ నైట్రేట్, నైట్రైట్, అమ్మోనియా మూడూ కొలిచి, రెండు వైపుల పీహెచ్ రాసి, జమాఖర్చు కట్టండి. నైట్రైట్ ఏ పొటెన్షియల్ దగ్గర పైకి లేచి ఎక్కడ దిగిందో గ్రాఫ్ గీసి నాకు చూపించండి. కోబాల్ట్ ఎంత వెయ్యాలో ఆ గీత చూసి మాట్లాడుకుందాం.